ఒడిబియ్యంలోని ఐదు ఖర్జూరాలు

మా ఇంట్లో అందరికీ రైలు ప్రయాణమంటే భయం. రైలంటే కాదు, అది తప్పిపోతుందేమోనని. పదకొండు గంటల ప్యాసింజరుకు మా నాయన ఏడింటికే మమ్మల్ని తీసుకుపోయి హిందూపురం స్టేషన్లో నిలబెట్టేవాడు. ఆ నాలుగు గంటల్లో మేము ప్లాట్‌ఫారం మీద ఒక చిన్న కాపురమే పెట్టేవాళ్లం. రెండుసార్లు టిఫిను తిని, మూడు తగాదాలు పడి, రాజీకి వచ్చి, నాలుగో తగాదా మొదలుపెట్టే సమయానికి రైలు వచ్చేది. మమ్మల్ని చూసి స్టేషన్ మాస్టరు తన గడియారం సరిచేసుకునేవాడని మా వీధిలో చెప్పుకునేవాళ్లు. ఆ మాట పుట్టించింది నేనే, అది వేరే విషయం.

నలభై దాటిన ఈ వయసులో కూడా, కాస్త సంతోషంగా ఉందామనిపిస్తే నా మనసు పోయి కూర్చునేది ఆ ప్యాసింజరు బండి చెక్క సీటు మీదే. కిటికీలోంచి వచ్చే బొగ్గు రంగు గాలి, ఉడకబెట్టిన శనక్కాయల వాసన, పక్కన అవ్వ మోచేయి. విచిత్రం ఏమిటంటే, ఆ ప్రయాణాలన్నిటిలోకీ నాకు ఇప్పటికీ కంటి ముందు కనబడేది నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేసిన ఒక్క ప్రయాణమే. ప్రాణాలంటే నావి కావు. ఐదు నెలల పసిబిడ్డవి.

తొంభైల మొదట్లో సంగతి. నాకు తొమ్మిదేళ్లు. మా అత్త, అంటే నాయన చెల్లెలు, తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి, ఆడపిల్లను కని, ఐదో నెలలో ధర్మవరంలోని అత్తగారింటికి తిరిగి పోతోంది. దిగబెట్టడానికి నాయన, అవ్వ బయల్దేరారు. నన్నెందుకు తీసుకుపోయారంటే, నన్ను ఇంట్లో వదిలిపెట్టడానికి మా అమ్మ ఒప్పుకోలేదు.

బిడ్డతో అత్తగారింటికి పోయే ఆడపిల్లకు మా పక్క ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఐదు ఎండుకొబ్బరి గిన్నెలు, ఐదు పసుపుకొమ్ములు, ఐదు ఎండుఖర్జూరాలు, వక్కలు, ఒక బెల్లం ముద్ద, రవికె గుడ్డ. ఇవన్నీ ఆడపిల్ల కొంగులో పోసి, కొత్త తువ్వాలులో మూట కట్టి ఇస్తారు. ఆ మూట నేల మీద పెట్టకూడదు. దారిలో ముడి విప్పకూడదు. అత్తగారే తన చేతులతో విప్పి, వీధిలోని ముత్తైదువలకు పంచి, మిగిలిన బియ్యంతో పాయసం వండాలి. అంతవరకూ ఆ మూట సీలు వేసిన ఓట్ల పెట్టెతో సమానం.

రైలెక్కాక చిక్కొచ్చి పడింది. అత్త ఒళ్లో పాప. అవ్వ ఒళ్లో పాప గుడ్డలు, వేడినీళ్ల ఫ్లాస్కు, గ్రైపువాటరు సీసా, వసకొమ్ము, ఇంకా ఆ బిడ్డకు పదహారేళ్లు వచ్చేదాకా సరిపోయే సామాను. నాయన రెండు చేతుల్లోనూ టిక్కెట్లు. టిక్కెట్లకు రెక్కలుంటాయని ఆయన నమ్మకం. ఇంక ఆ పెట్టెలో ఖాళీగా ఉన్న ఒడి నాదొక్కటే.

"ఇదిగోమ్మే, ఇది ఒళ్లో పెట్టుకోని గమ్మున కూచో," అంది అవ్వ.

"కింద పెడితే?"

"పెట్టగూడదు."

"ముడి ఇప్పితే?"

"ఇప్పగూడదు."

"ఇప్పితే ఏమైతాది?"

అవ్వ ఓపిక అక్కడితో అయిపోయింది. "బిడ్డకు మంచిది గాదు. ఇంగ నోరు మూసుకో."

నేను నోరు మూసుకున్నాను. ముక్కు మూసుకోమని ఆమె చెప్పలేదు. మా హిందూపురం బెల్లం వాసన మామూలు వాసన కాదు. అది కొత్త తువ్వాలు గంజివాసనతో కలిసి, నా గడ్డం కింద బెత్తెడు దూరంలో, దేవుడే స్వయంగా దిగివచ్చి బతిమాలుతున్నట్టుగా ఉంది. మలుగూరు దాకా తట్టుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల అంతసేపు తట్టుకోవడం ఈ దేశంలో అంతకు ముందు జరగలేదు, తర్వాతా జరగలేదు.

అప్పుడు నాలోని ప్లీడరు లేచాడు. ముడి విప్పకూడదన్నారు. ముడి పక్కన తువ్వాలు చెవులు రెండూ కలిసేచోట ఒక సందు ఉంది. ఆ సందులో వేలు పెట్టకూడదని ఎవరన్నా అన్నారా? అనలేదు.

వేలు పెట్టాను. మొదట తగిలింది ఖర్జూరం. రాయిలాంటి ఎండుఖర్జూరం, నమిలితే పక్క పెట్టెలోకి వినబడుతుంది. అందుకని బుగ్గన పెట్టుకుని, మొహం కిటికీకి తిప్పి, అది మెత్తబడేదాకా పొలాలను చూస్తూ కూర్చున్నాను. వేరుశనగ పొలాలను అంత శ్రద్ధగా చూసిన మనిషి వ్యవసాయ శాఖలో కూడా ఉండడు. ఒకటి తర్వాత ఒకటి. మధ్యలో గొంతు తడుపుకోవడానికి బెల్లం ముద్దను ఒక మూల పైకి లాగి, మూటలోంచి బయటికి రానీకుండానే పళ్లతో గీరుకున్నాను. గింజలు కిటికీలోంచి పోయాయి. అవన్నీ మొలిచి ఉంటే ఈపాటికి హిందూపురం దాటగానే అరబ్బు దేశం వచ్చేది.

చాకర్లపల్లి దాటాక వేలు పెట్టి వెతికితే ఆరో ఖర్జూరం దొరకలేదు. ఐదే ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది. ఐదూ నా కడుపులో ఉన్నాయి.

సరిగ్గా అదే నిమిషంలో పాప వెక్కింది.

చిన్న వెక్కిలి. పిట్ట దగ్గినట్టు. కానీ నా చెవిలో అది ఇంజను కూతలా మోగింది. ఇంకొకటి. మూడోది. అవ్వ తన చీర అంచులోంచి ఒక నూలుపోగు లాగి, నోట్లో తడిపి, పాప నుదుటి మీద అంటించింది. అప్పుడే వైద్యం మొదలైపోయిందన్నమాట!

"అవ్వా, పాపకేమైంది?"

"ఏమీ కాలేదు. పెరుగుతాండాది. పెరిగేటప్పుడు ఎక్కిళ్లొస్తాయి."

నేను నమ్మలేదు. పెద్దవాళ్లు పిల్లల దగ్గర నిజాలు దాస్తారని నాకు తెలుసు, నేనూ వాళ్ల దగ్గర దాస్తాను కాబట్టి. ఇంతలో పాప రెండుసార్లు తుమ్మింది. "జలుబేమో," అన్నాడు నాయన. ఆయన గొంతు కొంచెం వణికినట్టనిపించింది. రైలు ఊగడం వల్ల అని ఇప్పుడనుకుంటున్నాను. అప్పుడు మాత్రం, వీళ్లందరికీ తెలిసిపోయింది, నాకొక్కదానికే చెప్పట్లేదు అనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది అన్నిటికన్నా ఘోరం. పాప నిద్రపోయింది.

ఇందులో ఘోరమేముంది అంటారేమో. ఆ పిల్ల పుట్టిన ఐదు నెలల్లో మా ఇంట్లో ఎవరూ కంటినిండా నిద్రపోయింది లేదు. దాని ఏడుపు మా సందు చివరి మిల్లు సైరనుకు పోటీగా ఉండేది. అలాంటి పిల్ల నోరు తెరుచుకుని, చేతులు వదిలేసి, అత్త ఒళ్లో వేలాడిపోయింది. రైలు కూత వేసింది, లేవలేదు. ఎవరో ట్రంకుపెట్టె పడేశారు, లేవలేదు. ఒక గుడ్డి తాత కంజీర వాయిస్తూ దాని చెవి పక్కనే పాడాడు. నేనైతే చచ్చినా లేచేదాన్ని. అది లేవలేదు.

"బిడ్డకు మంచిది గాదు." అవ్వ మాట ఇప్పుడు చక్రాల కింద నుంచి వినబడసాగింది. గాదు-గాదు, గాదు-గాదు, గాదు-గాదు.

పెనుకొండ వచ్చింది. అప్పట్లో అది ఒంటి పట్టాల దారి. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తోందని మా బండిని అక్కడ ఆపేశారు. కొండ మీద పాత కోటగోడ ఎండలో మండుతూ, జరిగిందంతా చూసిన సాక్షిలాగా నన్నే చూస్తోంది. నాయన వడలు కొనడానికి దిగాడు. దిగాడంటే, ఒక చేత్తో కిటికీ కమ్మీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు.

"ఏమప్పా, కమ్మీ వదులు," అన్నాడు వడలాయన. "క్రాసింగుండాది. అర్ధగంట దాకా రైలు యాడికీ పోదు."

"నువ్వు చెప్తావులేబ్బా. పోతే వడలమ్మేది నువ్వు, పరిగెత్తేది నేను."

"కమ్మీ పట్టుకుంటే ఆగుతాదా రైలు?"

"ఆగకపోతే నేనూ దాంతోనే పోతాలే. వడలు కట్టు."

పెనుకొండ వడల గురించి ఒక మాట. చాలా ఏళ్ల తర్వాత నా పిల్లలను అదే దారిలో తీసుకుపోయినప్పుడు, అదే ప్లాట్‌ఫారం మీద, నా చిన్నతనమంతా కలిపి ఆకులో పెట్టించుకున్నంత ఆర్భాటంగా వాళ్లకు వడలు కొనిపెట్టాను. వాళ్లు ఒక ముక్క కొరికి, "నూనె ఎక్కువుందమ్మా," అన్నారు. వాళ్లను కన్నందుకు వాళ్ల వడలు కూడా నేనే తిన్నాను. మా రోజుల్లో ఆ నూనె కోసమే పెనుకొండ ఉండేది. అంచు కరకర, నడుమ దూది, పైన కారం చట్నీ. వడ వద్దన్నవాళ్లు మా వంశంలో పుట్టలేదు.

ఆ రోజు నేను వద్దన్నాను.

"ఏమన్నావు?" అంది అవ్వ.

"వద్దు."

"వడ వద్దంటాంది!" అవ్వ నా నుదురు, మెడ, కడుపు అన్నీ తడిమి చూసింది. "ఏమయ్యా, పిల్ల వడ వద్దంటాంది! పొద్దున స్టేషన్ల ఆ ఎర్రకోక ఆమె దీన్నే చూస్తాండె. దిష్టే ఇది." ఇక ఆగలేదు. నా వడనే తీసుకుని నా చుట్టూ మూడుసార్లు తిప్పి కిటికీలోంచి విసిరేసింది. కింద ఒక కుక్క దాన్ని గాల్లోనే అందుకుంది. పాపం దానికేమవుతుందోనని నేను దాన్ని కూడా కాసేపు చూశాను. అది తోక ఊపుకుంటూ రెండో వడ కోసం నిలబడింది.

అప్పుడు మా నాయన, తన జీవితంలో మొట్టమొదటిసారి, కమ్మీ వదిలేశాడు. టిక్కెట్లు జేబులో కుక్కుకుని, ప్లాట్‌ఫారం చివర ఉన్న బంకు అంగడి దాకా పరిగెత్తాడు. వెనక్కి తిరిగి తిరిగి రైలును చూసుకుంటూ పరిగెత్తడం వల్ల ఒక కూలీని, రెండు గంపలను గుద్దుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో కాగితం పొట్లం. అందులో నిమ్మతొనలు. పచ్చవీ ఎర్రవీ, చక్కెర అద్దినవి. నిమ్మతొన ఆకారంలో ఉండే ఆ పిప్పరమెంట్లంటే నాకెంత ఇష్టమో ఆయనకు తెలుసు.

"తిను నాయనా," అన్నాడు రొప్పుతూ. "ఇదన్నా తిను."

నన్ను 'నాయనా' అన్నాడంటే ఆయన ఎంత భయపడ్డాడో అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన నాకోసం భయపడుతున్నాడు. నేను పాప కోసం భయపడుతున్నాను. పాప మాత్రం హాయిగా, ఘోరంగా, చలనం లేకుండా పడుకుని ఉంది.

పొట్లం ఒళ్లో పెట్టుకుని ఆలోచించాను. లెక్క తక్కువైనందుకే కదా పాపకు ఈ గతి? లెక్క సరిచేస్తే? అందరూ ఎదురుబండి కోసం అటువైపు కిటికీలోంచి చూస్తుండగా, నిమ్మతొనలు ఒక్కొక్కటే తీసి ఆ సందులోంచి మూటలోకి జారవిడిచాను. ఒక్కొక్కటి పోతుంటే నా ప్రాణం ఒక్కొక్క అంగుళం పోయింది. ఐదు వేశాను. ఇంక లేపు స్వామీ, అని దండం పెట్టుకున్నాను.

ఎక్స్‌ప్రెస్ భూమి అదిరేటట్టు మా పక్కనుంచి దూసుకుపోయింది. పాప లేవలేదు.

మక్కాజిపల్లి దగ్గర దాని ముక్కు కింద వేలు పెట్టి చూశాను. కిటికీ గాలిలో ఏ గాలి ఎవరిదో తెలియలేదు. అరికాలు గీరాను. అత్త నా చేతి మీద ఒక్కటేసింది. "పండుకోనీమ్మే! ఇప్పుడే కదా నాకింత ఊపిరాడతాండేది." పాప ఊపిరి సంగతి ఆమెకేమీ పట్టినట్టు లేదు.

ధర్మవరంలో దిగి జట్కా ఎక్కాం. గుంతల్లో జట్కా ఎగిరెగిరి పడింది. నా తల రెండుసార్లు పైకప్పుకు తగిలింది. పాప లేవలేదు. అత్తగారి వీధంతా మగ్గాలు. ప్రతి ఇంట్లోంచీ టకటక, టకటక. అంత మోతలోనూ లేవలేదు. గుమ్మం ముందు ఎర్రనీళ్లతో దిష్టి తీశారు. కర్పూరం వేడి తగిలి నేను తుమ్మాను, అది తుమ్మలేదు. ఉయ్యాలలో వేశారు.

ఇంక అత్తవాళ్ల అత్తగారు. నేనామెను ధర్మవరం అవ్వ అనేదాన్ని. మొహమంతా పసుపు, నుదుటన రూపాయంత కుంకుమ. ఆమె కళ్లంటే ఊళ్లో పేరు. మగ్గం మీద వేల పట్టుపోగులు పరిచి ఉంటే, వీధిలోంచే చూసి, "ఆ నడుమ ఒక పోగు తెగింది చూడప్పా," అని చెప్పేదట. వేలలో ఒకటి కనిపెట్టే మనిషికి ఐదులో ఐదు కనబడకుండా పోతాయా?

ఇరుగుపొరుగు ముత్తైదువలు చాప మీద కూర్చున్నారు. ధర్మవరం అవ్వ మూట ముందు పెట్టుకుని ముడి విప్పింది. బియ్యంలో చెయ్యి పెట్టి కలిపింది. కొబ్బరి గిన్నెలు తీసింది. పసుపుకొమ్ములు తీసింది. తర్వాత ఆమె చేతిలోకి ఒక పచ్చటి నిమ్మతొన వచ్చింది. దానికి పసుపు బియ్యం అంటుకుని ఉంది. ఇంకొకటి. ఎర్రది. మొత్తం ఐదు వరసగా పళ్లెంలో పెట్టింది.

మా అవ్వ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఖర్జూరాలు తన చేతులతోనే వేసింది. అవి నిమ్మతొనలెలా అయ్యాయి? మతి పోయిందా? మతి పోయినట్టు వియ్యంకురాలి ముందు బయటపడాలా? మా అవ్వ ఒక్క క్షణమే తడబడింది.

"మా పక్క ఇట్లే పెడతాం వదినా," అంది నిటారుగా కూర్చుని. "బాలింతకు నిమ్మకాయ చలవ. పెద్దల నాటి నుంచీ ఉండాది. ఒట్టు."

ధర్మవరం అవ్వ ఆమెను చూసింది. పళ్లెం చూసింది. బెల్లం ముద్దను తిప్పి తిప్పి చూసింది. ఆ తర్వాత మెల్లగా నా వైపు చూసింది. నేను ఉయ్యాల తాడు పట్టుకుని స్తంభంలా నిలబడ్డాను.

"అట్లనా వదినా," అంది. "ఊరికొక పద్ధతి." పసుపు కుంకుమతో పాటు ఐదుగురు ముత్తైదువలకూ ఒక్కొక్క నిమ్మతొన పెట్టబోయి, నలుగురికి పెట్టి, ఐదోది తను బుగ్గన పెట్టుకుంది. "కన్నడ దేశం పక్కన కదక్కా, అట్లనే ఉంటాదిలే," అని గుసగుసలాడుకుంటూ వాళ్లు భక్తిగా చప్పరించారు.

గండం గడిచిందని మా అవ్వ చెమట తుడుచుకుంది. నాది గడవలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పాప లేవలేదు. దాని పెదాలు ఒకసారి కదిలాయి. అదే ఆఖరిదేమో అనుకున్నాను. ఇంక ఆగడం నా వల్ల కాలేదు. చెబితే చంపేస్తారు. చెప్పకపోతే పాప చచ్చిపోతుంది. నన్ను చంపితే చంపనీ అని, నేరుగా ఆ ఊళ్లో అందరికన్నా భయంకరమైన మనిషి దగ్గరికే పోయాను.

ధర్మవరం అవ్వ లోపలి గదిలో రాట్నం తిప్పుతూ కండెలకు పట్టు చుడుతోంది.

"అవ్వా... ఖర్జూరాలు..."

"ఊఁ."

"నేనే తినేసినా."

"ఎన్ని?"

"అన్నీ."

"బెల్లం?"

"కొంచెం. ఎలుకంత."

"ఎలుకైతే ముందుపళ్ల నడుమ సందుండదు," అంది రాట్నం ఆపకుండా. నా నాలుక దానంతటదే పోయి నా ముందుపళ్ల మధ్య సందును వెతుక్కుంది.

నేను భోరుమన్నాను. "పాపకేమన్నా ఐతాదా అవ్వా? పాప లేస్తల్యా! ఎక్కిళ్లొచ్చినాయి, తుమ్మింది, పండుకునింది, లేస్తల్యా!"

రాట్నం ఆగింది.

"అందుకా, వచ్చినప్పట్నుంచీ ఉయ్యాల కాడ కావలి?"

తలూపాను.

"పిచ్చిదానా. ముడి ఇప్పొద్దనే మాట పెట్టింది నీ మాదిరోళ్ల కోసరం. బిడ్డ కోసరం గాదు. తిన్నది నువ్వు. ఏమన్నా అయితే నీ కడుపుకే అయితాది."

నా చెయ్యి కడుపు మీదికి పోయింది. వెంటనే అక్కడ నొప్పి కూడా మొదలైంది. అయినా నమ్మకం కుదరలేదు. "నిజంగానా?"

"మీ అవ్వకు మాత్రం చెప్పొద్దు. పాపం, ఒట్టేసి మరీ అబద్ధమాడింది. రా నాతో."

ఉయ్యాల దగ్గరికి పోయి, నన్ను చాప మీద కూర్చోబెట్టి, పాపను రెండు చేతులతో ఎత్తి నా ఒళ్లో పడేసింది. పాప మొహం ముడుచుకుంది. ఒక కన్ను తెరిచింది. తనను ఎత్తుకున్నది ఎవరో చూసింది. నోరు తెరిచింది.

ఆ ఏడుపు! వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి, నేను ఒట్టేసి చెబుతాను. అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, అవ్వ గ్రైపువాటరుతో వచ్చింది, నాయన ఎందుకైనా మంచిదని టిక్కెట్లు తీసుకుని వచ్చాడు. పాప ఎర్రగా కందిపోయి, పిడికిళ్లు బిగించి, నా చెవిలో, నా జడలో, నా మొహం మీద ఏడ్చింది. నా గౌను తడిసిపోయింది. నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"ఇట్లీ, ఇట్లీమ్మే!" అని అత్త చేతులు చాపింది. "బిడ్డ అంత ఏడుస్తాంటే పళ్లికిలిస్తాండావేందే?"

"ఇంగొంచేపు ఏడ్వనీ అత్తా," అన్నాను.